తూటాకు పట్టిన చిలుము

వెంకయ్య కుర్చీలోనే ఉన్నాడు. తల మాత్రం బల్ల మీదికి వాలిపోయింది. కుడి కణతలో చిన్న రంధ్రం. బల్ల మీద పరిచిన న్యూస్‌పేపరు సగం ఎర్రగా తడిసింది.

ఆదివారం. ఉదయం పది నలభై.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జయకుమారి శవాన్ని ఒకసారి చూసి, బల్లను మాత్రం చాలాసేపు చూసింది.

తెరిచిన చెక్కపెట్టె. తుపాకీ గొట్టంలోకి దూర్చే సన్నటి రాడ్డు. దాని కొసకు బిగించే ఇత్తడి బ్రష్షు. చదరంగా కత్తిరించిన ఫ్లానెల్ గుడ్డ ముక్కలు. గన్ ఆయిల్ సీసా. వాటి పక్కన పాయింట్ త్రీ టూ పిస్టల్. దానికి జానెడు దూరంలో బయటికి తీసి పెట్టిన తూటాల మ్యాగజైన్.

ఎవడు చూసినా ఒకటే అనుకుంటాడు. పెద్దాయన పిస్టల్ శుభ్రం చేసుకోబోయాడు. మ్యాగజైన్ తీశాడు. గొట్టం వెనక ఛాంబర్లో ఒక తూటా ఉండిపోయిన సంగతి మర్చిపోయాడు. పేలింది. పోయాడు.

కానీ ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అనడం లేదు.

"ప్రమాదం గిమాదం ఏం లేదు మేడమ్," అన్నాడు వెంకయ్య అల్లుడు లక్ష్మీకాంత్. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. "ఆ మార్క్ గాడు చంపేశాడు. నేను కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చేసరికి ఈ బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. చేతులకు గన్ ఆయిల్. ఇంకేం కావాలి మీకు?"

"మ్యాగజైన్ ఎవరు తీశారు?"

"వాడే. ప్రమాదంలా కనపడాలిగా. అతి తెలివి."

"కసితో కాల్చినవాడు ఆగి మ్యాగజైన్ తీసిపెట్టాడా?"

"అది వాడినే అడగండి. మీరు అడిగితే చెబుతాడులే."

ఆ 'మీరు' అన్న మాట మీద అతను పెట్టిన బరువు గదిలో అందరికీ తెలిసింది. జయకుమారి మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ ఉంది. యూనిఫాం కాలరు చాటున ఉన్నా ఊరి కళ్లకు అది కనపడకుండా పోదు. మార్క్ కూడా చర్చి వీధి మనిషే.

గేటు బయట ఊరు ఊరంతా నిలబడి ఉంది. అందులోంచి ఒక గొంతు కావాలనే పెద్దగా అంది. "సీఐ గారు కూడా ఆదివారం చర్చికి పోయే మనిషేగా. ఇంక కేసు ఎటు పోద్దో చూసుకోండి."

నవ్వులు వినిపించాయి. శవం ఉన్న ఇంటి ముందు నవ్వులు. జయకుమారికి ఒళ్లు మండింది.

చినతాళ్లపాడులో వెంకయ్య అంటే మిర్చి, పత్తి, ఊరి బయట మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీ. మార్క్ ఆ ఇంటి కారు డ్రైవరు. పోయిన మంగళవారం ఆ కోల్డ్ స్టోరేజీలో అమోనియా గ్యాస్ లీకైంది. షెడ్డులో మిర్చి తొడిమలు తీస్తున్న ఆడవాళ్లు ఆస్పత్రి పాలయ్యారు. ఒకామె చనిపోయింది.

ఆమె పేరు జెస్సీ. మార్క్ భార్య.

అంటే మనిషి దొరికాడు, కారణం దొరికింది, చేతికి నూనె కూడా దొరికింది. ఇంకేం కావాలని ఊరంతా అడగడంలో వింత లేదు.

వంటగది గుమ్మంలో వెంకయ్య భార్య వెంకటరావమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. కళ్లు ఎండిపోయి ఉన్నాయి. బొడ్లో తాళాల గుత్తి.

"అమ్మా, రెండు మాటలు," అంది జయకుమారి, ఆమె ముందు కింద కూర్చుంటూ.

వెంకటరావమ్మ కాస్త వెనక్కి జరిగింది. "అడుగు."

"పిస్టల్ ఎక్కడ ఉంటుంది?"

"ఇనప్పెట్టెలో."

"తాళం?"

"నా దగ్గరే."

"ఇవాళ ఎవరు తీశారు?"

ఆమె ఒక్క క్షణం అల్లుడి వైపు చూసింది. "ఆయనే తీసుకున్నారు. పొద్దున."

"ఈ మధ్య పిస్టల్ ఇల్లు దాటి బయటికి పోయిందా?"

"పోలా. ఆ పెట్టె, ఆ తుపాకీ రెండూ ఒకచోటే ఉంటయి. ఎప్పుడూ." ఆమె గొంతు పెంచింది. "మమ్మల్ని అడుగుతావేంటి? మా తిండి తిన్నవాణ్ణి అడుగు. వాడి పెళ్లికి బట్టలు పెట్టాం మేము."

జయకుమారి లేచింది. చేతి తొడుగులు వేసుకుని పిస్టల్ ఛాంబరు ఖాళీ అని చూసి, మ్యాగజైన్‌తో పాటు కవర్లో వేసి సీలు చేయించింది. మ్యాగజైన్ గోడకున్న చిన్న రంధ్రాల్లోంచి తూటాలు కనిపిస్తున్నాయి. వాటి మీద చిలుము. నీలం కలిసిన ఆకుపచ్చ రంగు. పాత సరుకు అనుకుంది. కుర్చీ కింద పడిన ఖాళీ తూటా కూడా అలాగే ఉంది.

పిస్టల్ పైన మాత్రం వేలిముద్ర ఒక్కటి లేదు. నూనె గుడ్డతో ఎవరో నున్నగా తుడిచారు.

జీపు ఎక్కేసరికి డీఎస్పీ ఫోను.

"జయకుమారీ, ఊరు గొడవ చేస్తోందంటగా. సాయంత్రంలోపు ఆ డ్రైవర్ని రిమాండుకు పంపు."

"సార్, కొన్ని అతకడం లేదు."

"నీకు అతకకపోతే చెప్పు. అతికేవాడికి ఇస్తాను కేసు."

ఫోను కట్టయింది. పక్కన కూర్చున్న కానిస్టేబుల్ రహమతున్నీసా ఏమీ విననట్టు రోడ్డు వైపు చూసింది. కళ్లాల్లో ఎండబోసిన మిర్చి ఘాటుకు ఇద్దరూ దగ్గారు.

*

స్టేషన్లో మార్క్ సెల్లు మూలన కూర్చున్నాడు. పెదవి పగిలింది. ఒక కన్ను మూసుకుపోయింది. పోలీసులు రాకముందే ఊరు తన పని తాను చేసింది.

"ఎవరు కొట్టారు?"

"ఎవరు కొట్టలేదని అడగండమ్మా."

"పిస్టల్ ఇనప్పెట్టెలోంచి ఎవరు తీశారు?"

"ఎవరూ తీయలేదు. అది ఇంట్లోనే లేదు."

జయకుమారి స్టూలు లాక్కుని కూర్చుంది. "సరిగ్గా చెప్పు. బల్ల మీద సామానంతా పరిచి ఉందిగా."

"అది నేనే పరిచానమ్మా. ప్రతి ఆదివారం పరుస్తాను. పేపరు వేసి, పెట్టె తెరిచి, గుడ్డ ముక్కలు కోసి పెడతాను. మూత సరిగా లేక చేతికి నూనె అయింది. తుపాకీ మాత్రం అయ్యగారే తుడుస్తారు. నన్ను ముట్టుకోనివ్వరు."

"పిస్టల్ లేకుండా ఇవాళ సామాను ఎందుకు?"

"నేనూ అడిగాను. 'వస్తదిరా' అన్నారు. కాసేపాగి 'పోయి గేదెలకు నీళ్లు పెట్టు' అన్నారు. నీళ్లు పెడుతుంటే పేలింది. పరిగెత్తుకొచ్చాను. అప్పటికే... కాసేపటికి కాంత్ బాబు వచ్చి నా కాలరు పట్టుకున్నాడు."

"ఎటు నుంచి వచ్చాడు?"

"ముందు గేటు నుంచి. బండి చప్పుడు మాత్రం వినపడలేదు."

"నీ భార్యను చంపింది వాళ్ల కోల్డ్ స్టోరేజీ. కోపం లేదా?"

మార్క్ తలెత్తాడు. తెరిచి ఉన్న ఆ ఒక్క కంట్లో కోపం దాచుకోవాలన్న ఆలోచన కూడా లేదు. "ఎందుకు లేదు? ఉంది. ఆ ఇంటి మీద ఉంది, ఆ ఊరి మీద ఉంది. మీ డిపార్టుమెంటు మీదా ఉంది. జెస్సీ పోయి ఇన్ని రోజులైంది, ఒక్కరు వచ్చి ఏం జరిగిందని అడిగారా? కానీ అయ్యగారు సమాధి దగ్గరికి వచ్చారు. మట్టి వేశారు. ఆయన్ని నేనెందుకు చంపుతాను?"

జయకుమారి మాట మార్చింది. "పోయిన ఆదివారం కూడా పిస్టల్ తుడిచారా?"

"తుడిచారు. అంతా విప్పి, తుడిచి, బిగించారు. తూటాలు కూడా మ్యాగజైన్లోంచి ఒక్కోటి తీసి పొడిగుడ్డ పెట్టి రుద్దుతారు. మెరవకపోతే ఒప్పుకోరు."

"తూటాలు మెరిశాయా పోయిన ఆదివారం?"

"అద్దంలాగా."

పొద్దున మ్యాగజైన్ రంధ్రాల్లో చూసిన చిలుము ఆమె కళ్ల ముందు కదిలింది.

అప్పుడే రహమతున్నీసా మార్క్ దగ్గర తీసిన వస్తువులు తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ఫోను, కారు తాళం, మూట కట్టిన చేతిరుమాలు. మూట విప్పితే రెండు గాజులు. రంగు పోయి, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. నీలం కలిసిన ఆకుపచ్చ.

"ఇవేంటి?"

"జెస్సీవి. ఆస్పత్రిలో చేతికి తీసి ఇచ్చారు. రోల్డు గోల్డు. మొన్న క్రిస్మస్‌కి కొన్నాను."

"ఇంత పాడయ్యాయే."

"సోమవారం దాకా బంగారంలాగే ఉన్నాయమ్మా. చీరకు ఎట్లా నప్పాయో చూడు అంది కూడా. ఆ గ్యాసులో అట్లా అయిపోయాయి."

రోల్డు గోల్డు అంటే పైన పూత, లోపల ఇత్తడి. తూటా తొడుగు కూడా ఇత్తడే.

జయకుమారి గాజులను చాలాసేపు చూసింది. తర్వాత సీలు విప్పకుండానే, ప్లాస్టిక్ కవర్లో ఉన్న మ్యాగజైన్‌ను వాటి పక్కకు జరిపింది. రెండు రంగులూ ఒకటే.

"రహమతున్నీసా, జీపు తీయించు."

*

కోల్డ్ స్టోరేజీ గేటు మూసి ఉంది. లీకు జరిగిన దగ్గర నుంచీ పని ఆగిపోయింది. లోపల మేస్త్రీ ఆదాం ఒక్కడే ఉన్నాడు. తొడిమలు తీసే ఆడవాళ్లను పనికి తెచ్చేది అతనే. మార్క్ ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటాడు. మార్క్‌ను కొడుతుంటే మాత్రం అడ్డం పోలేదు.

"ఆఫీసు గది తియ్యి."

గది మిషన్ రూముకు ఆనుకునే ఉంది. టేబులు, దానికి తాళం వేసే సొరుగు, ఒక కుర్చీ. గోడకు దేవుడి పటాల చిన్న అర. అరలో ఇత్తడి గంట, రెండు ఇత్తడి కుందులు. ఇప్పుడు వాటిని ఇత్తడివని చెప్పాలంటే చేత్తో ఎత్తి చూడాలి. పైనుంచి కిందిదాకా నీలి ఆకుపచ్చ చిలుము. పక్కనే ఉన్న ఇనప అగరుబత్తి స్టాండుకు మాత్రం ఏమీ కాలేదు.

"గ్యాసు ఇక్కడికి కూడా వచ్చిందా?"

"ముందు వచ్చింది ఇక్కడికేనండి."

"ఆ రోజు ఆడవాళ్లందరూ షెడ్డులోనే ఉన్నారా?"

"పొద్దుట్నుంచే వాసన వస్తందని బయటికొచ్చి గేటు కాడ కూర్చున్నారండి."

"మరి మళ్లీ లోపలికి ఎందుకెళ్లారు?"

"పని ఉంటే ఎల్లరా అండి?"

"వాసన వస్తుందని బయటికి వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లే వెళ్లారా?"

"నేనే పొమ్మన్నా."

"నిన్ను ఎవరు పంపమన్నారు?"

ఆదాం చూపు టేబుల్ సొరుగు మీదికి వెళ్లింది. వెళ్లిన చూపును వెంటనే వెనక్కి లాక్కున్నాడు.

"ఆదాం, అక్కడ మార్క్ పళ్లు రాలేలా కొట్టారు. రాత్రికి జైలుకు పోతాడు. నీకు తెలిసింది చెప్పవా?"

"నాకేం తెలవదు. నా పిల్లలు ఇదే ఊళ్లో బతకాలండి." అతని గొంతులో కూడా పగే ఉంది. ఎవరి మీదో అతనికే తెలియని పగ. "మీరు రేపు ఇంకో స్టేషన్‌కి పోతారు."

జయకుమారి గంటను, కుందులను కవర్లో వేయించింది. సొరుగు ఫోటోలు తీయించింది.

"నాలుగు గంటలకు వెంకయ్య ఇంటికి రా. నోరు తెరవక్కరలేదు. నిలబడితే చాలు."

*

నాలుగు గంటలకు వెంకయ్య ఇంటి వరండాలో బల్ల వేశారు. బల్ల మీద కొత్త పేపరు. మధ్యవర్తులుగా వీఆర్వో, ఊరివాడు ఇంకొకడు కూర్చున్నారు. రహమతున్నీసా వీడియో తీస్తోంది. గోడ పక్కన సంకెళ్లతో మార్క్. అతనికి అందనంత దూరంలో ఆదాం. గుమ్మంలో వెంకటరావమ్మ. గేటు బయట జనం పెరిగారు. ఎవరో విసిరిన రాయి జీపు అద్దానికి తగిలింది.

లక్ష్మీకాంత్ కాలు మీద కాలు వేసుకున్నాడు. "రిమాండ్ ఎప్పుడు మేడమ్? డీఎస్పీ గారితో మాట్లాడాను. మీకు చెప్పారనుకుంటా."

"చెప్పారు. దానికి ముందు చిన్న పని ఉంది. మీ మామయ్య ఇవాళ మొదలుపెట్టి పూర్తి చేయని పని."

ఆమె తొడుగులు వేసుకుంది. సీలు తెంచింది. పిస్టల్ ఛాంబరు ఖాళీగా ఉందని వీఆర్వోకు చూపించింది. తర్వాత స్లైడ్‌ను వెనక్కి లాగి విడదీసి పేపరు మీద పెట్టింది. స్ప్రింగ్. బ్యారెల్. ఒక్కొక్క ముక్క వరసగా. ఆమె చేతులు తొందరపడలేదు.

"తుపాకీ క్లీనింగ్ నేర్పడానికి వచ్చారా మాకు?" అన్నాడు లక్ష్మీకాంత్. గేటు బయట ఎవరో నవ్వారు.

"బ్యారెల్లో ఒక్క షాటు మసి ఉంది. మిగతా ఇనుమంతా శుభ్రం. పోయిన ఆదివారం వెంకయ్య గారు రాసిన నూనె ఇంకా ఉంది." ఆమె మ్యాగజైన్ అందుకుంది. "ఇంక ఇది. దీన్ని మాత్రం ఎవరూ తుడవలేదు."

తూటాలను ఒక్కొక్కటి తీసి తెల్ల ఫ్లానెల్ గుడ్డ మీద పేర్చింది. ప్రతి తూటా పక్కన గుండ్రటి చిలుము మచ్చ. మ్యాగజైన్ రంధ్రం ఎంత ఉందో మచ్చ అంతే ఉంది. అన్నిటికన్నా పైనున్న తూటా, పేలిన ఖాళీ తూటా దాదాపు ఒళ్లంతా నీలంగా మారాయి.

"పాత తూటాలు," అన్నాడు లక్ష్మీకాంత్. "ఎప్పుడో కొన్నవి."

"ఎప్పుడో కొన్నవే. కానీ ప్రతి ఆదివారం పొడిగుడ్డతో తుడిచేవారు మీ మామయ్య. అవునా అమ్మా?"

వెంకటరావమ్మ అనుకోకుండా తల ఊపింది. "వాటిని తోమినట్టు ఇంట్లో గిన్నెలు కూడా తోమరు అనేదాన్ని."

"అయితే ఈ చిలుము ఈ వారంలో పట్టిందే."

"మార్క్ గాడు ఏదో పూసుంటాడు."

"తూటాలు బయటికి తీసి పూస్తే ఒళ్లంతా అంటుకునేది. ఇది రంధ్రాల్లోంచి లోపలికి పోయింది. గాలిలా." ఆమె చెక్కపెట్టెలోంచి బ్రష్షు తీసింది. "ఇది ఇత్తడి బ్రష్షు. ఇది, పిస్టల్ ఎప్పుడూ ఒకేచోట ఉంటాయని మీ అత్తయ్యే పొద్దున చెప్పారు. మరి బ్రష్షు చూడండి."

బ్రష్షు పోగులు పసుపు రంగులో మెరుస్తున్నాయి. ఒక్క మచ్చ లేదు.

వీఆర్వో ముందుకు వంగాడు. గేటు దగ్గర నవ్వులు ఆగాయి.

"ఒకే ఇనప్పెట్టెలో ఉన్నవాటికి ఒకే గాలి తగలాలి," అంది జయకుమారి. "బ్రష్షు ఇంట్లోనే ఉంది. తూటాలు మాత్రం ఇంకెక్కడికో పోయి వచ్చాయి."

ఆమె మిగిలిన రెండు కవర్లు విప్పింది. ఒక పక్క కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో దొరికిన గంట, కుందులు. ఇంకో పక్క రెండు గాజులు. మధ్యలో తూటాలు. అన్నీ ఒకటే రంగు. ఎవరూ విడమర్చి చెప్పక్కరలేదు.

"అమోనియా ఇనుమును ఏమీ చేయదు. ఇత్తడిని మాత్రం వదలదు. అందుకే పిస్టల్ బాగుంది, తూటాలు పాడయ్యాయి. మంగళవారం గ్యాసు లీకైనప్పుడు ఈ పిస్టల్, తూటాలు వేసి ఉన్న పిస్టల్, మీ ఆఫీసులో ఉంది."

లక్ష్మీకాంత్ కాలు కిందికి దించాడు. "ఉంటే? మామయ్యే తెచ్చుకుని ఉంటారు. ఆయన తుపాకీ ఆయనిష్టం."

"మంగళవారం మీ మామయ్య ఎక్కడున్నారు?"

అతను గేటు వైపు చూశాడు.

"నేను చెబుతాను. తాడేపల్లిలో పెళ్లికి వెళ్లారు. సోమవారం వెళ్లి బుధవారం వచ్చారు. కోల్డ్ స్టోరేజీ మొత్తం నేనే చూసుకున్నానని లీకు కేసులో మీరే స్టేట్‌మెంట్ ఇచ్చారు. మీ సంతకం కూడా ఉంది."

జయకుమారి గుమ్మం వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"ఇనప్పెట్టె తాళం మీ బొడ్లోనే ఉంటుంది అమ్మా. ఆయన ఊళ్లో లేరు. పిస్టల్ తనంతట తాను నడిచి పోలేదు."

వెంకటరావమ్మ చెయ్యి తాళాల గుత్తి మీదికి వెళ్లింది. అక్కడే బిగుసుకుపోయింది.

"అత్తయ్యా," అన్నాడు లక్ష్మీకాంత్. "లోపలికి పదండి. ఒంట్లో బాగోలేదు మీకు."

"కూర్చో," అంది జయకుమారి. ఇంతసేపూ ఇచ్చిన మర్యాద ఆ ఒక్క మాటతో అయిపోయింది.

వెంకటరావమ్మ అల్లుణ్ణి తేరిపారా చూసింది. "కూలోళ్లు గొడవ చేస్తున్నారన్నావు. కాస్త భయపెట్టి తెస్తానన్నావు. నేనే తీసిచ్చాను." ఆమె మాటలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. "పొద్దున ఆయన్ని అట్లా చూసి ఏడుస్తుంటే చెవిలో ఏమన్నావు? 'లైసెన్సు తుపాకీ ఇంకొకరికి ఇచ్చావంటే నీ మీదే కేసు అత్తయ్యా, ఇంట్లోనే ఉందని చెప్పు' అన్నావు. మార్కే చంపాడనుకుని చెప్పాను. నువ్వు తేకపోతే ఆయన ముందుకి అది ఎట్లా వచ్చింది?"

"ముసలామె మాటలు—"

"నా కాడికీ వచ్చిందండి ఆ తుపాకీ."

ఆ గొంతు ఆదాందే. గోడకు ఆనుకున్న మనిషి నిటారుగా నిలబడ్డాడు.

"ఒరేయ్ ఆదాం, నోర్ముయ్," అన్నాడు లక్ష్మీకాంత్.

"మూసుకునే ఉన్నానుగా ఇన్నాళ్లూ." ఆదాం జయకుమారి వైపు తిరిగాడు. "మంగళారం ఆడాళ్లు లోపలికి పోమని కూర్చున్నారండి. నన్ను ఆఫీసులోకి పిలిచి, తుపాకీ బల్ల మీద పెట్టి, పంపుతావా లేదా అన్నాడు. ముందురోజే గ్యాసు సైరను వైరు పీకించాడు, మాటిమాటికీ మోగి పని ఆగుతందని. నేను బయటికొచ్చి పోండమ్మా అన్నాను. తుపాకీని సొరుగులో పెట్టి తాళమేశాడు. అర్ధగంటలో గ్యాసు కొట్టింది."

"వెంకయ్య గారికి తెలుసా?"

"శుక్రారం నేనే చెప్పానండి. నిద్ర పట్టక. పెద్దాయన ఏడ్చాడు. 'సోమవారం ఇద్దరం పోయి సీఐ గారికి చెబుదాం, ముందు ఆ తుపాకీ నా చేతికి రావాలి' అన్నాడు. ఇయాళ పొద్దున సొరుగు తీసి తుపాకీ జేబులో ఏసుకుంటా, ఆయనకి ఇచ్చేసి వస్తానన్నాడు ఈ బాబు."

జయకుమారే ముగించింది.

"వెంకయ్య గారు తుడవడానికి సామాను పెట్టుకుని నీ కోసమే ఎదురుచూశారు. మీ ఇద్దరి మధ్య మాటలు వినపడకూడదని మార్క్‌ను గేదెల దగ్గరికి పంపారు. నువ్వు బండి దూరంగా ఆపి నడిచి వచ్చావు. సోమవారం స్టేషన్‌కు వెళ్లొద్దన్నావు. ఆయన వినలేదు. కాల్చావు. బల్ల మీద రాడ్డు, గుడ్డలు చూశాక ప్రమాదంలా చేయొచ్చని మ్యాగజైన్ తీసి, ఛాంబర్లోకి ఎక్కిన తర్వాతి తూటాను మళ్లీ అందులో దూర్చి పెట్టి, పిస్టల్ తుడిచి, పక్క దారిన బయటికి పోయావు. తిరిగి వచ్చేసరికి మార్క్ కనపడ్డాడు. ప్రమాదం కన్నా మార్క్ నయం అనిపించాడు. ఊరు వెంటనే నమ్ముతుందని నీకు తెలుసు. నమ్మింది కూడా."

చివరి మాట ఆమె గేటు వైపు చూస్తూ అంది. గేటు దగ్గర ముందు వరసలో నిలబడినవాళ్లు వెనక వరసలోకి సర్దుకున్నారు.

లక్ష్మీకాంత్ ఫోను తీశాడు. "ఒక్క కాల్ చేస్తే మీ ఉద్యోగం—"

"చెయ్యి. జీపులో కూర్చుని చెయ్యి."

రహమతున్నీసా మార్క్ చేతుల సంకెళ్లు విప్పింది. అవే తీసుకెళ్లి లక్ష్మీకాంత్ చేతులకు వేసింది. అతను పెనుగులాడాడు. ఊరు చూస్తూ నిలబడింది. పొద్దున మార్క్‌ను పట్టుకున్న చేతులు ఇప్పుడు జేబుల్లోకి పోయాయి. ఆదాం మార్క్ దగ్గరికి రెండడుగులు వేశాడు. మార్క్ మొహం తిప్పుకున్నాడు. ఆదాం అక్కడే ఆగిపోయాడు.

వెంకటరావమ్మ బొడ్లోంచి తాళాల గుత్తి తీసి వరండా మీద పెట్టి లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంది.

జయకుమారి పిస్టల్ ముక్కలను మళ్లీ బిగించలేదు. ఒక్కోటి విడివిడిగా కవర్లలో వేస్తోంది. మార్క్ వచ్చి బల్ల అవతల నిలబడ్డాడు.

"ఇది చూపిస్తేనే పంపారా అమ్మా జెస్సీని లోపలికి?"

"అవును."

అతను ఆ ఇనప ముక్కలను చూశాడు. ఇన్నాళ్లూ ప్రతి ఆదివారం దాని కోసం గుడ్డలు కోసి పెట్టినవాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

"గాజులు ఇప్పిస్తారా? పెట్టెలో తన చీరలో పెట్టుకుంటాను."

ఇచ్చేయాలని జయకుమారికీ ఉంది.

"కోర్టుకు కావాలి మార్క్. తూటాల రంగు, వీటి రంగు ఒకటేనని ల్యాబులో తేలాలి. కేసు అయ్యేదాకా ఇవ్వలేను. ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను."

మార్క్ గాజులను తాకబోయి ఆగాడు.

"ఉంచండమ్మా," అన్నాడు. "గ్యాసు కొట్టిన రోజు నుంచీ తనను ఎవరూ ఏదీ అడగలేదు. కోర్టులోనైనా చెప్పనివ్వండి."

అతను మెట్లు దిగి గేటు వైపు నడిచాడు. జనం దారి ఇచ్చారు. ఎవరూ అతని కళ్లలోకి చూడలేదు, అతనూ ఎవరినీ చూడలేదు.

రహమతున్నీసా గాజులను కవర్లో వేసి లేబులు అంటించింది. ఎవరివి అన్న చోట జెస్సీ అని రాసింది.